కార్ల అడుగున ఆయన ఫొటో

మావారికి కార్లంటే ప్రాణమని మా వైపు అందరూ అంటారు. అమలాపురంలో మా వీధి చివర బట్టలకొట్టు ఆయన దగ్గర్నుంచి, ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులున్న మా దూరపు చుట్టాల దాకా ఇదే మాట. ఆయన పెద్దకర్మ రోజు గుమ్మం ముందు కట్టిన ఫ్లెక్సీ మీదా అదే రాయించారు. నవ్వుతున్న ఆయన మొహం, పక్కన ఎర్రటి అమెరికా కారు, కింద పసుపు అక్షరాలతో "కార్ల ప్రేమికుడు". అబద్ధం. ఆయనకు కార్లంటే పరమ అసహ్యం. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి ఆయన. తిరిగొచ్చాక కొత్తపేట వెళ్ళాలన్నా బస్సెక్కేవారు గాని స్టీరింగు ముట్టుకోలేదు. "దాన్ని చూస్తేనే మెడ పట్టేస్తోందే" అనేవారు.

ఇంకొందరు ఇంకాస్త తెలివైనవాళ్ళు. "పిల్లల్లేరు కదా పాపం, ఆ బొమ్మకార్లలో చూసుకున్నాడు" అని నిట్టూరుస్తారు. ఇదీ అబద్ధమే. కార్ల పిచ్చి నాది. నాకు ఆరుగురు పిల్లలున్నా ఆ కార్లు కొనేదాన్నే. ఆ ఆరుగురినీ వాటి దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

ఇది నాకు పట్టింది తొమ్మిదో ఏట, రాజోలు అవతల మా అమ్మమ్మగారి ఊళ్ళో. అక్కడొక బియ్యం మిల్లు, మిల్లు వెనక షెడ్డు, షెడ్డులో ఒక నల్లటి అమెరికా కారు. మిల్లు ఓనరుగారి తండ్రి ఎప్పుడో మోజుపడి కొన్నదట. నేను చూసేనాటికి టైర్లు లేవు. ఇటికెల మీద నిలబెట్టారు. పైన కాయలు వలిచేసిన కొబ్బరి డొక్కలు గుట్టగా పోశారు. లోపల వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టింది. కాని ముక్కు మీద మెడ చాచిన వెండిరంగు పక్షి మాత్రం అలాగే ఉంది. మా మేనమామ కొడుకులు రోజూ ఎక్కి స్టీరింగు తిప్పేవారు. నేను ఎక్కిన ఒక్కరోజున మిల్లు కాపలా ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని దింపేశాడు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా? డొక్కల్లో తేళ్ళుంటాయి" అన్నాడు. మగపిల్లల్ని కుట్టని తేళ్ళు నన్నే ఎందుకు కుడతాయని అడిగాను. ఆయన నన్ను షెడ్డు బయటిదాకా నడిపించాడు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో ఆ పక్షి కనబడింది. ఆ కారు పేరు పేకార్డ్ అని అప్పుడు తెలిసింది. ఆ పుస్తకం ఎవరూ తీసుకోరు కాబట్టి మూడేళ్ళూ నా దగ్గరే ఉంది. పెళ్ళయ్యాక, మావారు కువైట్ నుంచి రెండోసారి సెలవు మీద వస్తున్నప్పుడు, ఫోనులో అడిగాను. "చీర వద్దు, సెంటు వద్దు, చిన్న పేకార్డ్ కారు, నల్లది, ముక్కు మీద పక్షి ఉంటుంది, అది తెండి." ఆయన తెచ్చింది ఎర్ర కేడిలాక్. "ఏదైతేనేం, కారే కదా" అన్నారు. నేను దెబ్బలాడాను, ఆ వెంటనే దాన్ని చేతిలోకి తీసుకుని దెబ్బలాట మరిచిపోయాను. జానెడు కూడా లేదు. అసలు కారు పద్దెనిమిది అడుగులు దాటుతుంది, ఇది అందులో నలభై మూడో వంతు. అయినా వెనక ఆకాశానికి లేచిన రెండు రెక్కలు, రెక్కకు రెండేసి ఎర్ర దీపాలు, లోపల వేలి గోరంత స్టీరింగు, అన్నీ ఉన్నాయి. లోహంతో పోత పోసింది. అరచేతిలో బరువుగా, చల్లగా ఉంది.

అప్పుడే మా అత్తగారు గదిలోకి వచ్చారు.

"ఇదేంటే అమ్మాయ్? పిల్లల్లేని కొంపలో బొమ్మకారు ఎవరికి?"

నాకు ఇరవై ఏడేళ్ళు. పెళ్ళయి ఐదేళ్ళు. బళ్ళో సోషలు చెప్పే టీచర్ని, నోరున్నదాన్నని అప్పటికే పేరు. ఆ ప్రశ్నకు నిజం చెబితే ఆ సాయంత్రానికి ఊరంతా ఏమంటుందో నాకు తెలుసు. గొడ్రాలు బొమ్మలతో ఆడుకుంటోంది అంటుంది. నేను భయపడ్డాను.

"మీ అబ్బాయికేనండీ. ఆయనకి సరదా అట" అన్నాను.

"ఆయ్, చిన్నప్పుడూ అంతే వాడు!" అన్నారు ఆవిడ, మొహం విప్పారిపోయి. "కొబ్బరిమట్టకి తాడు కట్టి కారు కారు అని వీధంతా ఈడ్చుకు తిరిగేవాడు."

కోనసీమలో కొబ్బరిమట్టను ఈడ్చని పిల్లాడు ఎవడున్నాడు? కాని కథకు ఆ మట్ట చాలింది. ఇది ఎవరు మొదలుపెట్టారని రేపు ఎవరైనా నిలదీస్తారేమో, ముందే ఒప్పుకుంటున్నాను. మొదటి అబద్ధం నాదే.

ఆ తరవాత ఇరవై ఏళ్ళకు పైగా కొన్నాను. ముందు ఆయన సెలవుల్లో తెచ్చినవి, ఆయన వచ్చేశాక నా జీతంతో ఇంటర్నెట్‌లో తెప్పించినవి. మొత్తం ముప్పై ఒకటి. పార్సిళ్ళు ఆయన పేరు మీదే తెప్పించేదాన్ని, మా వీధిలో నా పేరు చెబితే ఇల్లెవరికీ తెలియదు. "సార్ పార్సిల్ అండీ" అని వచ్చేది, సంతకం నేను పెట్టేదాన్ని. అద్దాల బీరువా చేయించాను. మా ఉప్పుగాలికి కార్ల మెరుపు పూత మచ్చలు పడుతుంది, రబ్బరు టైర్లు అద్దానికి అంటుకుపోతాయి. నెలకోసారి ఒక్కొక్కటీ తీసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపి, కాస్త పక్కకు జరిపి పెట్టేదాన్ని. ఒక్కో కారు ముందు ఒక చిన్న కార్డు. ఏ సంవత్సరం, ఎంత పొడవు, ఎన్ని సిలిండర్లు, ఎవరి కోసం చేశారు, ఎందుకు ఆపేశారు, అన్నీ నా చేత్తో రాసినవే. కాలేజీ చదువు నాకు ఇంకెక్కడ పనికొచ్చిందో చెప్పలేను గాని, ఆ కార్డుల్లో మాత్రం పనికొచ్చింది.

మా ఇంటికి వచ్చినవాళ్ళు ముందు బీరువా చూసేవారు, తరవాత మావారిని చూసేవారు.

"ఎక్కడివండీ బాబూ ఇవన్నీ?"

"అబ్బే, ఏదో కొంచెం సరదా అండీ" అనేవారు ఆయన, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ.

"ఇది ఇంపాలా కదండీ?"

"ఆయ్, ఇంపాలాయేనండీ. కువైట్‌లో ఇలాంటిదే నడిపేను."

ఆయన కువైట్‌లో నడిపింది జపాను వ్యాను. అందులో ఆ ఇంటి పిల్లల్ని బడికి దింపి, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చేవారు. నేను వంటింట్లో టీ పెడుతూ ఇదంతా వినేదాన్ని. కార్డులు చూసి ఎవరైనా మెచ్చుకుంటే, "మా ఆవిడ దస్తూరీ బావుంటుందండీ, రాయించేను" అనేవారు.

ఒకరోజు అలా వచ్చినవాళ్ళు వెళ్ళగానే పట్టుకున్నాను.

"ఇంపాలా అంటారేమిటండీ? అది కేడిలాక్. యాభై తొమ్మిదిది. ఆ రెక్కలు చూస్తే తెలియదూ?"

"వాళ్ళకేం తెలుస్తుందే?"

"మీకు తెలుసా?"

"నాకెందుకు, నువ్వున్నావుగా."

"అయితే ఆ మాటే వాళ్ళకి చెప్పండి. మా ఆవిడవి, ఆవిణ్ణి అడగండి అని. నోరరిగిపోతుందా?"

"అమ్మతో నాకోసమని చెప్పింది నువ్వు కాదూ?"

అది నిజమే. అందుకే ఇంకా మండింది. "ఇరవై ఏడేళ్ళప్పుడు భయపడి అన్న మాటకి ఎన్నాళ్ళు వడ్డీ కట్టాలండీ నేను?" అన్నాను.

ఆయన వెళ్ళి బీరువా తలుపు మూశారు. ఆ తరవాత, నా మొహం చూడకుండా అన్నారు. "పదకొండేళ్ళు ఒకడి కారు తుడిచేనే. ఊళ్ళోకొస్తే కువైట్ డ్రైవరు అంటారు. ఇప్పుడేదో కార్ల మనిషి అంటున్నారు. నాలుగు రోజులు అననీ. చెప్తాన్లే. ఒకరోజు నేనే అందరికీ చెప్తాను, మా ఆవిడవని."

ఆ మాటకు నేను మెత్తబడ్డాను. అదీ నా తప్పే అనుకోండి. ఆ ఒకరోజు కోసం తొమ్మిదేళ్ళు చూశాను. ఈలోగా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది, మాట ముద్దగా అయింది. ఐదు నెలలు మంచంలో ఉన్నారు. పోయారు.

మా వైపు పెద్దకర్మకు వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపరు. పోయినవాళ్ళ పేరు చెక్కించిన స్టీలు గిన్నో, డబ్బానో చేతిలో పెడతారు. మా వంటింట్లో సగం సామాను చచ్చిపోయినవాళ్ళదే. పప్పు ఒకాయనలో, పెరుగు ఒకావిడలో ఉంటాయి. మావారి పెద్దకర్మకూ గిన్నెలు తెప్పించారు. అది నాకు తెలుసు. నాకు తెలియనిది ఆ రోజు ఉదయం తెలిసింది. నడవలో మా ఆడపడుచు, మావారి అక్కగారు, చాప మీద నా ముప్పై ఒక్క కార్లూ పరుచుకుని, గిన్నెలో కొబ్బరినూనె పెట్టుకుని, గుడ్డతో ఒక్కొక్కదానికీ పట్టిస్తున్నారు.

"వదినా! ఏంటిది?"

"తుడుస్తున్నానమ్మా. తమ్ముడి కార్లు నలుగురి చేతుల్లోకీ వెళ్తున్నాయి, మెరవద్దూ?"

"నూనె రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది, దుమ్ము పట్టేస్తుంది. అయినా నలుగురి చేతుల్లోకి వెళ్ళడమేంటి?"

"మీ బావగారు, అదే మా అన్నయ్య, నీకు చెప్పలేదూ? వాడికి బాగా కావలసినవాళ్ళకి గిన్నెలు కాకుండా ఇవిద్దామన్నాడు, గుర్తుగా."

ఒక కారు తిప్పి చూశాను. అడుగున, కారు పేరు చెక్కి ఉండే చోట, గుండ్రటి స్టిక్కరు. అందులో మావారి ఫొటో, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ముప్పై ఒక్కటికీ అంటించేశారు.

"ఇవి నావి వదినా."

"నీవే తల్లీ. వాడివన్నీ నీవి కావూ?"

"అలా కాదు. నేను కొనుక్కున్నవి. నా జీతంతో. నాకోసం. ఆయనకి ఇంపాలాకీ కేడిలాక్‌కీ తేడా తెలియదు."

"సరేనమ్మా, సరే, సరే" అంటూ ఆవిడ నూనె చేత్తో నా తల నిమిరారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళతో, "చూసేరా, వాడి వస్తువంటే ఎంత ప్రాణమో దీనికి" అన్నారు. వాళ్ళలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

నాతో వాదించి గెలిచినవాళ్ళు మా బళ్ళో లేరు, మా వీధిలో లేరు. ఆ రోజు గెలవడానికి నాకు ఎదుటివాళ్ళే లేరు. నేను అరిస్తే దుఃఖం, లాక్కుంటే దుఃఖం, నిజం చెబితే మతి చలించిన దుఃఖం. భోజనాలయ్యాక పంపకం మొదలైందని తెలిసి తలుపు దాకా వెళ్ళాను. బయట షామియానా కింద మా బావగారు, మావారి అన్నగారు, మైకు పట్టుకుని ఏడుస్తున్నారు. "మా తమ్ముడికి ఈ ఇంపాలా కార్లంటే ప్రాణమండీ. పోయేముందు వాడే నాతో చెప్పేడు, అన్నయ్యా, ఇవి నావాళ్ళకి పంచు అని." ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఇస్తున్నారు. ఎన్నో ఏళ్ళు వెతికి, అన్నిటికంటే ఆఖర్న సంపాదించిన నా నల్ల పేకార్డ్ ఒక ముసలాయన చేతిలో ఉంది. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నారు. "ఆగండి, అది నాది" అన్నాను, గట్టిగానే. అందరూ నావైపు తిరిగారు. అందరి కళ్ళలోనూ జాలి. మా ఆడపడుచు వెనకనుంచి నన్ను పొదివి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి తలుపు దగ్గరికి వేశారు.

మూడో నెల నుంచి స్కూటీ వేసుకుని బయల్దేరాను. ఎవరెవరికి వెళ్ళాయో మా ఆడపడుచు దగ్గర రాబట్టాను. సిగ్గుపడలేదు. నా వస్తువు నేను అడగడానికి సిగ్గెందుకు?

ఐ.పోలవరంలో, కువైట్‌లో మావారి గదిలో ఉండి వచ్చినాయన ఇంటికి వెళ్ళాను. వెనక తలుపులు వెనక్కి తెరుచుకునే నా తెల్ల లింకన్ దేవుడి గూట్లో ఉంది. బానెట్టు మీద కుంకుమ బొట్టు, పైన మందారం.

"తీసుకెళ్ళండమ్మా, తీసుకెళ్ళండి" అన్నాడాయన, అడగ్గానే. "ఆయనగారి గుర్తు మీ దగ్గర లేకపోతే ఎలా?"

"ఆయన గుర్తు కాదండీ. అవి నావి. నేనే కొన్నాను."

"ఆయ్." కాస్త ఆలోచించాడు. "మీరు కొనిపెట్టేరా ఆయనకి? అదృష్టవంతుడండీ."

ఇలాగే ఇరవై రెండు వచ్చాయి. కొత్తపేటలో కొబ్బరి వ్యాపారి బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన కారు వచ్చింది. ఉప్పలగుప్తంలో రెండు చక్రాలు పోయినది వచ్చింది. నల్ల పేకార్డ్ రాలేదు, ఆ ముసలాయన దాన్ని ఎవరికో ఇచ్చేశారు. ఇచ్చినవాళ్ళు ఒక్కరు కూడా పేచీ పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది. కనీసం నావో కాదో తేలేది. అందరూ కళ్ళనీళ్ళతో ఇచ్చారు, ఆయన భార్యనని ఇచ్చారు. నా కార్లు నా ఇంటికి ఆయన కార్లుగా తిరిగొచ్చాయి. అడుగున స్టిక్కరు వేడినీళ్ళతో నానబెట్టి గీకితే సగమే ఊడుతుంది. కొన్నిటికి నుదురు మిగిలింది, కొన్నిటికి మీసం మిగిలింది. నాకు కావలసింది నా కార్లు. కట్టుకున్న మనిషి మొహం గోటితో గీకే పని నాకెందుకు పెట్టారు వీళ్ళంతా?

రాజోలులో మాత్రం ఇంకోలా జరిగింది. అక్కడ నాతో బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరుగారున్నారు. ఆవిడ భర్త మావారికి స్నేహితుడు. వాళ్ళ హాల్లో అద్దాల షెల్ఫులో, బైబిలు పక్కన, నా ఆకుపచ్చ కారు ఉంది. ఆవిడ టీ ఇచ్చి, నేను నోరు తెరవకముందే అన్నారు.

"మీవే కదండీ ఇవి. నాకు తెలుసు. స్టాఫ్ రూంలో లంచ్ టైములో ఆ కార్డులు మీరు రాసుకోవడం ఎన్నిసార్లు చూడలేదు?"

మూడు నెలల్లో మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. వస్తే వచ్చిందిగాని, ఊరుకోలేదు. "మరి ఆ రోజు అక్కడే ఉన్నారు కదా. నోరు విప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు కదండీ." ఆవిడ కప్పు కింద పెట్టారు. "పైగా సార్ మా ఇంటికొచ్చినప్పుడల్లా మా కలెక్షను అని కూడా అనేవారు కాదు, నా కలెక్షను అనేవారు. భార్యాభర్తల మధ్యలో నేనెందుకని."

అంటే నేను లేని చోట కూడా. వచ్చినవాళ్ళ ముందు మాట దొర్లిందనుకున్నాను ఇన్నాళ్ళూ. తనే వెళ్ళి ఇంకొకరింట్లో కూర్చుని, ఎవరూ అడక్కుండానే అనేవారన్నమాట. ఆకుపచ్చ కారు ఒళ్ళో పెట్టుకుని, ఇంటికి వెళ్ళకుండా, తిన్నగా మా బావగారింటికి వెళ్ళాను.

దానికి కారణం ఉంది. మావారు పోవడానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, బావగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. నేను జావ కాస్తున్నాను. గది తలుపు ఓరగా వేసి ఉంది. మావారు ఏదో చెప్పాలని ప్రయత్నిస్తున్నారు. ముద్దమాటలో నాకు రెండే వినబడ్డాయి. ఒకటి "కార్లు". రెండోది నా పేరు. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి కాదు. ఒసే, ఏమే తప్ప ఆ పేరు ఆయన నోట నేను విన్నది వేళ్ళమీద లెక్క. నేను గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నారు. బావగారు తల ఊపుతున్నారు. అందులో ఏముందో అడగాలని అప్పుడు తోచలేదు. జావ అడుగంటుతోంది.

బావగారు వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు.

"ఏమమ్మా, ఎండలో వచ్చేవు?"

"ఒక్కటే అడుగుతాను బావగారూ. ఆ రోజు ఆయన మీతో ఏమన్నారు? మాటకి మాట చెప్పండి."

"చెప్పేను కదమ్మా మైకులో. కార్లు పంచమన్నాడు."

"మధ్యలో నా పేరెందుకొచ్చింది?"

ఆయన పేపరు మడిచారు. "నీ పేరా? నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నాడు. అంతే అయ్యుంటుంది."

"అయ్యుంటుందా, అన్నారా?"

"వాడికి మాట తిరిగేది కాదు కదమ్మా. నాలుగుసార్లు అన్నాడు అదే ముక్క. నేను సరే సరే అన్నాను. నాకు అర్థమైంది నేను చేసేను." మెల్లగా, "వాడికి బాగా ఇష్టమైనవి కదా" అన్నారు.

ఆయన మోసగాడు కాదు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. తమ్ముడి మీద ప్రేమతోనే చేశారు, ముప్పై ఒక్కసార్లూ ఏడుస్తూనే ఇచ్చారు. ఎప్పటినుంచో చెవిలో ఉన్న కథకు సరిపోయేట్టు ఆ ముద్దమాటను సర్దుకున్నారు. ఇంకోలా వినాలంటే ఆయనకు ఇంకో కథ తెలిసి ఉండాలి. ఆ కథ చెప్పవలసిన మనుషులం ఇద్దరమే. నేను భయపడి చెప్పలేదు, ఆయన ఆ పేరు బాగుందని చెప్పలేదు.

ఇప్పుడు నేను బీరువా ముందు కూర్చుని కార్డులు తిరిగి రాస్తున్నాను. ఈసారి ప్రతి కార్డు కింద నా పేరు రాస్తున్నాను. ఎవరు చదువుతారంటే ఎవరూ చదవరు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు "ఆయన కార్లు ఎంత శ్రద్ధగా చూసుకుంటోందో" అనే అంటున్నారు. వాళ్ళతో వాదన మానేశాను. నా వాదన ఇక ఒక్క మనిషితోనే.

ఏమండీ, కదలని నోటితో నాలుగుసార్లు కష్టపడి అన్నారే, "కార్లు"కూ నా పేరుకూ మధ్య మీరు పెట్టిన మాట ఏమిటి?